పంపు మరిచిపోని పద్దెనిమిది

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్ని తన మేనకోడలికి పాఠం చెప్పడానికి కూర్చుంది. సోమవారం పొద్దున ఆ పిల్లకి కాలేజీలో సి ప్రోగ్రామింగ్ పరీక్ష.

చిన్ని అన్నది ఇంట్లో పేరు. ఆఫీసులో అందరూ ఆమెని సెమికోలన్ అంటారు. పదేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్నా లైను చివర సెమికోలన్ పెట్టడం ఒక్కసారి కూడా మర్చిపోలేదని ఎవరో పెట్టిన పేరు. మొదట్లో చిరాకు పడినా, తర్వాత తర్వాత ఆ పేరంటే లోలోపల కాస్త గర్వం కూడా వచ్చింది. ఆమె పనిచేసే కంపెనీ ఆసుపత్రులకు సిరంజి పంపులు తయారుచేస్తుంది. చేతిసంచిలో పట్టేంత యంత్రం. మందు నింపిన సిరంజిని అందులో బిగించి, గంటలో ఎంత ఎక్కించాలో నంబరు కొడితే, మోటారు సిరంజి పిడిని నెమ్మదిగా నొక్కుతూ అంత మందునీ రోగి నరంలోకి పంపిస్తుంది. ఆ మోటారు ఎప్పుడు ఎంత కదలాలో చెప్పే ప్రోగ్రాము మొత్తం చిన్ని రాసిందే.

"అత్తా, స్టోరేజ్ క్లాసులు తప్పకుండా అడుగుతారట. ఆటో, రిజిస్టర్, ఎక్స్‌టర్న్, స్టాటిక్. నాకు నాలుగూ ఒక్కలాగే కనిపిస్తున్నాయి," అంది మేనకోడలు తల పట్టుకుని.

"ముందు వేరియబుల్ అంటే ఏంటో చెప్పు."

"విలువ పెట్టుకునే డబ్బా."

"ఆ డబ్బా ఎక్కడుండాలి, ఎంతసేపు బతకాలి, ఎవరెవరికి కనిపించాలి. ఈ మాటలు చెప్పేది అదే. ఆటో అంటే ఫంక్షన్ అనే ఆ చిన్న ప్రోగ్రాము ముక్క మొదలవగానే పుడుతుంది, ఫంక్షన్ అయిపోగానే పోతుంది. ఫంక్షన్ లోపల డబ్బా పేరు ముందు నువ్వేమీ రాయకపోతే అది ఆటోనే."

"నేను మూడు చక్రాల బండి అనుకున్నా."

"పరీక్షలో అలాగే రాయి, మార్కులు బండెక్కి వెళ్ళిపోతాయి. రిజిస్టర్ అంటే, దీన్ని మాటిమాటికీ వాడతాను, చేతికందే చోట పెట్టు అని, మన ప్రోగ్రాముని యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌ని బతిమాలుకోవడం. వింటే వింటుంది, లేకపోతే లేదు."

"మా నాన్నలాగా."

గోడవైపు దుప్పట్లు మడతపెడుతూ కూర్చుంది ఆ పిల్ల తల్లి, చిన్నికి వదిన. ఆ మాటకి ఆమె పెదవులు కొంచెం కదిలాయి. అది నవ్వే. మూడు నెలలుగా ఆ ఇంట్లో వదిన నవ్వు అంతకు మించి వినబడలేదు.

వదిన నర్సు. పద్దెనిమిదేళ్ళు అత్యవసర వార్డులో పనిచేసింది. ఏ రోగికి ఏ పూట ఏ మందో కాగితం చూడకుండా చెప్పగలిగే మనిషి. మూడు నెలల క్రితం ఆమె చేతిమీదుగా ఒక ఘోరం జరిగింది. ఒక మంచం దగ్గర గంటకి ముప్ఫై మిల్లీలీటర్లు ఎక్కిస్తున్న పంపుని, ఆ రోగిని ఆపరేషన్‌కి తీసుకెళ్ళడంతో మధ్యలో ఆపి, పక్క మంచం మీది ముసలాయనకి పెట్టింది. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. ఆయనకి ఎక్కాల్సింది పన్నెండు. ఆయనకి రక్తపోటు తగ్గించే మందు ఆ గంటలో ముప్ఫై ఎక్కింది. వదిన వేరే మంచం నుంచి తిరిగి వచ్చేసరికి సిరంజి దాదాపు ఖాళీ. ముసలాయన ముఖం సున్నం కొట్టినట్టుంది. డాక్టర్లు పరిగెత్తుకొచ్చి, పంపుని ఆఫ్ చేసేసి, ప్రాణం నిలబెట్టారు కానీ, నాలుగు రోజులు ఆయనకి తెలివి లేదు. లేచాక కుడిచేతి వేళ్ళలో పట్టు పోయింది.

ఆసుపత్రి విచారణ సంఘం చెప్పింది ఒక్కటే. పాత రోగి నంబరు ముప్ఫై. కొత్త రోగికి ఎక్కింది ముప్ఫై. నర్సు నంబరు మార్చడం మర్చిపోయింది. వదిన మాత్రం నేను పన్నెండే కొట్టానంది. ఆఫ్ చేశాక ఏ నంబరు కొట్టారో దాచుకునే ఏర్పాటు ఆ చిన్న మోడల్లో లేదు. పంపుని కంపెనీకి పంపారు.

అది చిన్ని బల్ల మీదికే వచ్చింది. ఆ నర్సు మా వదినేనని తన పైఅధికారితో ముందే చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అయితే ఇంకా జాగ్రత్తగా చూడమ్మా. నీతోపాటు ఇంకొకర్ని కూడా కూర్చోబెడతాను," అన్నాడు. పది రోజులు రాత్రీపగలూ చూశారు. ఎక్కడో ఒకచోట తప్పు దొరకాలని చిన్ని మొక్కుకోని క్షణం లేదు. పంపు ఆన్ చేయడం, నంబరు కొట్టడం, చివరి బొట్టుదాకా నడిపించడం, ఆఫ్ చేయడం. నూట నలభై సార్లు. నూట నలభై సార్లూ పంపు బంగారంలా నడిచింది. యంత్రంలో ఏ లోపమూ లేదని రాసిన కాగితం మీద చిన్ని సంతకం పెట్టింది. వదినని వార్డు నుంచి తీసేసి దుప్పట్లు, తువ్వాళ్ళు లెక్కచూసే గదిలో వేశారు. ఆ సంతకం గురించి వదిన చిన్నిని ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే చిన్నికి అన్నం సయించకుండా చేసేది.

"ఎక్స్‌టర్న్ అంటే, ఈ డబ్బా ఇక్కడిది కాదు, వేరే ఫైల్లో ఉంది, నా మాట నమ్ము అని చెప్పడం," అంది చిన్ని పేజీ తిప్పుతూ. "ఇక మిగిలింది స్టాటిక్. ఇది నాకిష్టమైంది. ఫంక్షన్ అయిపోయినా ఇది పోదు. మళ్ళీ ఆ ఫంక్షన్‌లోకి వచ్చేసరికి, పోయినసారి ఏ విలువతో వదిలిపెట్టావో అదే విలువతో కూర్చునుంటుంది."

"మొదట్లో సున్నా అని రాశాం కదా? మళ్ళీ వచ్చినప్పుడు సున్నా అవదా?"

"అక్కడే అందరూ బోల్తా పడతారు. ఆ సున్నా మొట్టమొదట ఒక్కసారే. ఆ తర్వాత నువ్వు వెయ్యిసార్లు వచ్చినా ఆ లైనుని పట్టించుకోదు. మా పంపులోనూ ఉంది ఒకటి. ఇంకా ఎంత మందు ఎక్కించాలో లెక్క చూసే ఫంక్షన్‌ని పంపు సెకనుకోసారి పిలుస్తుంది. మొదట నేను మామూలుగా రాశాను. సెకను సెకనుకీ పాత లెక్క మర్చిపోయేది. రెండు రోజులు జుట్టు పీక్కుని, చివరికి ఆ లెక్క ఉండే డబ్బా ముందు స్టాటిక్ అని పెట్టాను. అంతే, దారిలో పడింది."

వదిన చేతిలోని దుప్పటి సగం మడతలో ఆగింది.

"ఎప్పటిదాకా గుర్తుంచుకుంటుంది చిన్నీ అది?"

"పవర్ తీసేదాకా వదినా."

"మేమెప్పుడూ పవర్ తియ్యం కదా."

మామూలుగా, ఏదో అడిగితే జవాబు చెప్పినట్టు అంది. "ఆన్ చేసినప్పుడల్లా తనని తాను పరీక్షించుకుంటానని మూడు నిమిషాలు కుయ్‌కుయ్‌మంటుంది. రోగి అంతసేపు ఆగుతాడా? బ్యాటరీ మీదే ఒక మంచం నుంచి ఇంకో మంచానికి ఎత్తుకెళ్ళిపోతాం. కొత్త రోగి అని ఒక బటన్ ఉంది కదా, అది నొక్కుతాం."

కొత్త రోగి బటన్ కూడా చిన్ని రాసిందే. అది నొక్కితే తెరమీది నంబరు చెరిగిపోతుంది, పేరు చెరిగిపోతుంది, టైము చెరిగిపోతుంది. ఆ లోపలి డబ్బాని అది ముట్టుకోదు. ముట్టుకోలేదు. ఫంక్షన్ లోపల పుట్టిన స్టాటిక్ బయటివాళ్ళకి కనిపించనే కనిపించదు. ఆ మాట ఇప్పుడే, రెండు నిమిషాల్లో, ఈ పిల్లకి చెప్పబోతోంది.

"అత్తా? ఏమైంది?"

చిన్ని చేతిలోని పెన్ను కాగితం మీద ఉన్నచోటే ఉంది. దాని కింద సిరా మచ్చ పెద్దదవుతోంది. ఎవరో వెనకనుంచి వచ్చి కుర్చీ లాగేసినట్టయింది.

"వదినా," అంది. "ఆ రోజు... మొదటి రోగికి ముప్ఫైలో ఎంత ఎక్కాక ఆపావు?"

వదినకి ఆలోచించాల్సిన పని లేదు. "పన్నెండు."

ముప్ఫైలోంచి పన్నెండు పోతే పద్దెనిమిది. డబ్బాలో చెరగకుండా మిగిలిపోయిన ఆ పద్దెనిమిదికి కొత్త పన్నెండు కలిపితే ముప్ఫై. ఆ లెక్క అలా కలవడం వదిన ఖర్మ. ఇంకే అంకె వచ్చినా ఎవరో ఒకరు ఇదెక్కడిదని అడిగి ఉండేవారు.

చిన్ని లేచింది. పెన్నుకి మూత పెట్టింది.

"ఆఫీసుకెళ్ళాలి."

"ఇవాళ శనివారం కదే."

"వెళ్ళాలి వదినా."

వదిన దుప్పటి కింద పెట్టి ఆమె ముఖంలోకి చూసింది. ఏమర్థమైందో ఏమో, "నేనూ వస్తాను," అని చెప్పులేసుకుంది.

పరీక్షల గదిలో ఎవరూ లేరు. చిన్ని అలమరలోంచి అదే పంపు తీసింది. అంచున వదిన ఆసుపత్రి చీటీ ఇంకా అంటుకునే ఉంది. సిరంజిలో మందుకి బదులు నీళ్ళు నింపింది. నంబరు కొట్టబోయి, మధ్యలో ఆగి వదిన వైపు చూసింది.

"జరుగు," అంది వదిన. "నేను చేస్తాను. వార్డులో చేసినట్టు."

ఇన్నాళ్ళుగా దుప్పట్లు, తువ్వాళ్ళు తప్ప ఏమీ ముట్టుకోని ఆ చేతులు ఎక్కడా తడుముకోలేదు. ముప్ఫై కొట్టింది. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని నిలబడే చూసింది. పన్నెండు ఎక్కగానే ఆపింది. కరెంటు తీగ పీకింది. బ్యాటరీ మీద వెలుగుతున్న పంపుని ఎత్తుకుని గది అవతలి బల్ల మీదికి తీసుకెళ్ళింది. కొత్త రోగి బటన్ నొక్కింది. సిరంజి మార్చింది. పన్నెండు కొట్టి, మొదలుపెట్టింది.

ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చున్నారు. గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. పన్నెండో నిమిషానికి ఎక్కింది రెండున్నర మిల్లీలీటర్లు కూడా దాటకూడదు. ఆరు దాటింది. తెరమీద మాత్రం పన్నెండు అనే అంకె నిశ్చింతగా వెలుగుతోంది. ఇరవై నాలుగో నిమిషానికి సిరంజిలోంచి పన్నెండు మిల్లీలీటర్లూ పోయాయి. మోటారు ఆగాలి. ఆగలేదు. సన్నగా, ఓపిగ్గా, అదే చప్పుడుతో పిడిని నొక్కుతూనే ఉంది. పదమూడు. పద్నాలుగు.

చిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నూట నలభై సార్లు. ప్రతిసారీ చివరి బొట్టుదాకా నడిపించింది, ప్రతిసారీ ఆఫ్ చేసింది. మధ్యలో ఆపి పక్కకి తీసుకెళ్ళాలని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తోచలేదు.

"నేను పన్నెండే కొట్టాను," అంది వదిన. పంపుతో చెబుతున్నట్టుగా అంది. తర్వాత ఆమె మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, ముందుకి వంగి, అలాగే ఉండిపోయింది. ఏడుస్తోందనుకుంది చిన్ని. ఏడవడం లేదు.

"నీకు ఒకటి చెప్పలేదు," అంది కాసేపటికి. "మీ అన్నయ్యకీ చెప్పలేదు. సంఘం వాళ్ళు మూడోసారి పిలిచినప్పుడు, ముప్ఫై కొట్టానని ఒప్పేసుకున్నాను."

"వదినా!"

"అబద్ధం చెప్పలేదే. నాకు నిజంగానే గుర్తొచ్చింది. మూడు మీద వేలు, తర్వాత సున్నా మీద వేలు. కళ్ళు మూసుకుంటే కనబడేది. అందరూ అంటున్నారు, యంత్రం బాగుందన్నారు, నువ్వు కూడా..." ఆగింది. "నువ్వు కూడా చూసి బాగుందన్నావు. నువ్వు తప్పు చూడవని నాకు తెలుసు కదా. అంటే కొట్టింది నేనే అనుకున్నాను. అనుకోగా అనుకోగా గుర్తొచ్చేసింది."

తన ప్రోగ్రాము ఒక మనిషి వేళ్ళ పట్టు తీసేసింది. తన సంతకం ఇంకో మనిషి చేత, చెయ్యని పని చేసినట్టు గుర్తు తెచ్చుకునేలా చేసింది. ఈ రెంటిలో ఏది పెద్దదో చిన్ని తూచుకోలేకపోయింది. క్షమించమని అడగాలని నోరు తెరిచింది.

"తర్వాత ఏడుద్దువులే," అంది వదిన తలెత్తి. ఆ గొంతు మారిపోయింది. అది వార్డు గొంతు. "ఇలాంటివి బయట ఎన్నున్నాయి?"

"మూడొందల నలభై."

"ఇప్పుడు, ఈ నిమిషంలో, ఎవరో ఒకరు ఒక మంచం నుంచి ఇంకో మంచానికి ఎత్తుకెళ్తుంటారు. ఫోన్ తియ్యి."

పైఅధికారి తోటపనిలో ఉన్నాడు, వెనక నీళ్ళ చప్పుడు వినబడింది. చిన్ని చెప్పింది విన్నాక ఆ చప్పుడు ఆగిపోయింది.

"సరిగ్గా చూశావా?"

"నా కళ్ళ ముందే నడుస్తోంది సార్. ఇరవై రెండు దాటింది."

"సోమవారం పొద్దున అందరం కూర్చుని..."

"సోమవారం దాకా ఎవరి నరంలో ఎంత ఎక్కుతుందో మీరు చెప్పగలరా సార్?" ఆయనతో ఆ గొంతుతో మాట్లాడటం ఆమెకి అదే మొదలు. "తప్పు నాది. ఆ మాట కాగితం మీద రాసిస్తాను. కానీ ఇప్పుడే అందరికీ ఫోన్లు చెయ్యాలి. రోగి మారినప్పుడల్లా ఆఫ్ చేసి ఆన్ చెయ్యమని ఒక్క ముక్క చెబితే చాలు."

అరగంటలో ఆయన బురద చెప్పులతోనే వచ్చాడు. పంపుని చూశాడు, ఖాళీ అయిన సిరంజిని చూశాడు, ఆ పక్కన నిలబడ్డ వదినని చూశాడు. ఆమె ఎవరో ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నట్టున్నాడు. ఆసుపత్రుల ఫోన్ నంబర్ల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముగ్గురూ మూడు ఫోన్లు పట్టుకున్నారు. ఎక్కువ పని చేసింది వదినే. ఇంజనీర్ల మాట అర్థంకాక ఎవరెవరినో పిలుస్తామంటున్న వార్డుల వాళ్ళకి ఆమె రెండు ముక్కల్లో చెప్పేసేది: "సిస్టర్, నేనూ నర్సునే. రోగి మారితే పంపు ఆఫ్ చెయ్యండి. మళ్ళీ ఆన్ చెయ్యండి. ఎందుకో తర్వాత చెబుతాను."

ఆమె సొంత వార్డు నంబరు వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగింది. హెడ్ సిస్టర్ ఎత్తింది. సంగతంతా విన్నది. "అయితే ఆ రోజు..." అన్న మాట ఫోనులోంచి చిన్నికీ వినబడింది. వదిన ఫోన్ పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, తర్వాతి నంబరు నొక్కింది.

పొద్దు వాలేసరికి పుస్తకంలోని ప్రతి నంబరు పక్కనా టిక్కు పడింది. ఇంటికొచ్చాక అన్నయ్య విషయం విని, బస్సు డ్రైవరు యూనిఫాం కూడా విప్పకుండా అలాగే నేలమీద కూర్చుండిపోయాడు. భార్య ముఖంలోకి చూడలేకపోయాడు. ఈ మూడు నెలల్లో "పోనీలే, పొరపాటు ఎవరికైనా అవుతుంది" అని ఆమెని ఎన్నిసార్లు ఓదార్చాడో అతనికి గుర్తొచ్చినట్టుంది.

పదిహేను రోజుల్లో చిన్ని ప్రోగ్రాము మార్చింది. ఆ డబ్బాని ఫంక్షన్‌లోంచి బయటికి తెచ్చి, కొత్త రోగి బటన్ నొక్కగానే సున్నా అయ్యేలా చేసింది. ఈసారి దాన్ని పరీక్షించే పద్ధతి రాసింది వదినా, ఇంకో ఇద్దరు నర్సులూ. పాత కాగితం చెల్లదని, తప్పు యంత్రానిదేనని కంపెనీ రాసిచ్చింది. ఆసుపత్రి వదినని వార్డుకి రమ్మంది. ఆమె వారం ఆలోచించి వెళ్ళింది.

వెళ్ళేముందు ఒక పని ఉందంది. గడియారాల ముసలాయన ఇంటికి ఇద్దరూ వెళ్ళారు. మూడో అంతస్తులో చిన్న ఇల్లు, కిటికీ దగ్గర పనిబల్ల, బల్లమీద విప్పి వదిలేసిన గడియారాలు. ఆయన భార్య కుర్చీలు వేసింది. చిన్ని మొదటినుంచి చివరిదాకా చెప్పింది. తనని వెనకేసుకురాలేదు. ఆయన ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళని ఒక్కొక్కటే వంచుకుంటూ విన్నాడు.

"ఆ స్టాటిక్ అనే మాట రాసి చూపించు," అన్నాడు చివరికి.

చిన్ని కాగితం మీద రాసింది. ఆయన దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలు ఆరూ వేలితో లెక్కపెట్టాడు.

"ఇంతేనా?"

"ఇంతే అండీ."

"నువ్వు చెప్పకపోతే ఇది ఎవరికైనా తెలిసేదా?"

"తెలిసేది కాదేమో అండీ."

ఆయన కాగితం బల్లమీద పెట్టాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. "నాకు కోపం రావడానికి కాస్త టైం పడుతుందమ్మా," అన్నాడు. "ఇవాళ వినడమే సరిపోయింది. వచ్చే వారం మళ్ళీ రండి."

వచ్చే వారం వెళ్ళారు. ఆయనకి కోపం వచ్చింది. అరగంటసేపు, మధ్యలో ఆయాసం వచ్చి ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ తిట్టాడు. నలభై ఏళ్ళు ఈ వేళ్ళతోనే బతికానన్నాడు. వెంట్రుకంత స్ప్రింగు పట్టుకునేవాణ్ణి, ఇప్పుడు చొక్కా బొత్తాం పెట్టుకోలేనన్నాడు. చిన్ని తల వంచుకుని కూర్చుంది, ఒక్క మాట అడ్డం చెప్పలేదు. వదిన మధ్యలో లేచి, అడగకుండానే ఆయన కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళు ఎలా కదిలించాలో చూపించడం మొదలుపెట్టింది. ఆయన తిడుతూనే వేళ్ళు కదిలించాడు.

ఇద్దరూ మెట్లు దిగుతున్నారు. వదిన రెండు మెట్లు కింద ఆగి వెనక్కి చూసింది.

"ఆయన తిట్టింది నిన్నొక్కదాన్నే, విన్నావా? నన్నొక్క మాట కూడా అనలేదు," అని నవ్వింది. గొంతెత్తి నవ్వింది. ఆ నవ్వు మూడంతస్తుల మెట్లమీదా వినబడింది. చిన్ని ఏడుస్తూ ఉన్న మెట్టు మీదే కూలబడింది. వదిన వచ్చి పక్కన కూర్చుని, వచ్చే వారం ఆయన వేళ్ళతో పిసకడానికి మెత్తటి బంతి ఒకటి తేవాలంది.